మరక లేని చొక్కా

అన్నయ్యకి,

నీ చెల్లెలు రాసేది. అమ్మా నేనూ ఇక్కడ క్షేమం. అక్కడ నువ్వు కూడా వేళకి తిని, వేళకి పడుకుని, నిచ్చెన మీద జాగ్రత్తగా ఉంటున్నావని అనుకుంటున్నాం. ఈ చివరి ముక్క అమ్మ రెండుసార్లు రాయమంది. అందుకని మళ్ళీ రాస్తున్నాను: నిచ్చెన మీద జాగ్రత్త.

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే అమ్మకి చదివి వినిపించాను. ఓడ పొట్టకి రంగు వేయడం గోడకి వేసినట్టు కాదని, పైకి చూసి చూసి మెడ పట్టేస్తోందని రాసిన చోట అమ్మ తన మెడ నిమురుకుంది. మీ గదిలో చలి ఎముకల్లోకి దిగుతోందన్న చోట మాత్రం ఆగలేదు. "చదివింది చాలు, సూదిలో దారం ఎక్కించు. వాడి బొంత తొందరగా అయిపోవాలి" అంది. అమ్మకి ఇప్పుడు సూది బెజ్జం ఆనడం లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామంటే, "నీ కళ్ళున్నాయిగా, అవి దండగా?" అంటోంది.

"ఏమే డిక్షనరీ, ఈ వారం ఏ మాట పట్టుకున్నావు?" అని అడిగావు. ఈ వారం 'కుట్టడం'. సూదీ కుడుతుంది, తేలూ కుడుతుంది. ఇన్నేళ్ళూ రెండూ ఒకే మాటని నాకు తట్టనే లేదు. మా లెక్చరర్‌తో చెబితే నవ్వి, నోటుపుస్తకంలో రాసుకోమన్నారు. ఆ పుస్తకం ఇప్పటికే సగం నిండింది. చదువు బాగానే సాగుతోంది, దిగులు పడకు.

ఇక నీ బొంత సంగతి. నాన్న రంగుల పనికి వేసుకున్న చొక్కాలు పదకొండూ కత్తిరించేశాం. పై వాటాలో ఉండే మిషను పిన్ని సాయానికి వచ్చి, "ఇవేం మరకలు వదినా! టర్పెంటైన్‌లో నానబెడితే పోతాయిగా" అంది. అమ్మ చూసిన చూపుకి పాపం కత్తెర కింద పెట్టేసింది. "మరకలు పోతే ఇంక మిగిలేది ఉత్త గుడ్డే" అంది అమ్మ.

లైబ్రరీ ఆకుపచ్చ చొక్కా జాగ్రత్త అన్నావు. కప్పుకుంటే సరిగ్గా నీ గుండెల మీదకి వచ్చేలా పెట్టాం. దాని పక్కన పళ్ళ డాక్టరు గది గులాబీ, ఆ కింద పిల్లల ఆస్పత్రి పసుపు. మోచేతుల దగ్గర లప్పం గట్టిపడిపోయి సూది దిగనంటోంది. రెండు విరిగాయి. చివరికి దబ్బనం తీశాం. నాన్న ఉంటే, "నేను పెట్టిన లప్పం అంటే ఏమనుకున్నారు మరి!" అని మీసం దువ్వేవాడు.

సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా అంచు పట్టుకుని మనకి చూపించేవాడు, గుర్తుందా? "ఇవి మరకలు కావర్రా, నా హాజరు. ఏ రోజు ఏ ఇంట్లో ఉన్నానో అంతా ఇందులోనే ఉంటుంది" అనేవాడు. నువ్వు మరక మీద వేలు పెట్టి ఇల్లు చెప్పేవాడివి. నువ్వు ఓడల పనికి వెళ్ళాక కూడా నాన్న ఆ ఆట మానలేదు. నీకు రాసే ఉత్తరం అడుగున, ఆ వారం వేస్తున్న రంగు బొటనవేలితో అద్ది, పక్కన ఎవరి ఇల్లో రాసేవాడు. అవన్నీ దాచుకున్నానన్నావు. భద్రంగా ఉంచు.

ఆ తెల్ల చొక్కా గురించి కూడా రాశావు. రంగుల పెట్టె అడుగున, బ్రష్షుల కింద, కవరులో మడిచి దొరికిందని నేను రాసినదానికి నీ జవాబు: "ఒక్క చుక్క రంగు లేనిది నాన్న చొక్కా ఎలా అవుతుందే? ఏ ఇంటివాళ్ళదో పొరపాటున పెట్టెలో పడి ఉంటుంది. పరాయి గుడ్డ నా బొంతలోకి వద్దు. ఎవరికైనా ఇచ్చెయ్యండి." అమ్మ కూడా, "వాడన్నది నిజమే. ఆయన చొక్కాల్లో నేను ఉతకనిది ఏముంది?" అంది. పిన్ని వాళ్ళాయనకి సరిపోతుందట. పాత బట్టల మూటలో కట్టి గుమ్మం పక్కన పెట్టారు. ఆదివారం పిన్ని వాళ్ళు తీసుకెళతారు.

ఇవాళ శుక్రవారం. ఈ ఉత్తరం మొదలుపెట్టిందే ఆ మూట కోసం. అయినా ఇంత దూరం మెడనొప్పులూ సూదులూ అంటూ నెట్టుకొచ్చాను.

అన్నయ్యా, ఆ చొక్కా నాన్నదే. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

నువ్వు వెళ్ళిన ఏడాది, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఒకరోజు గొడుగు మర్చిపోయాను. వాన పట్టేలా ఉందని నాన్న పనిలోంచి నేరుగా బడికి తెచ్చిచ్చాడు. జుట్టు మీద సున్నం, చొక్కా నిండా నాలుగు రంగులు. మెట్ల మీద నా పక్కన నిలబడ్డ స్నేహితురాలు, "మీ నాన్న గోడకి రంగేస్తాడా, గోడే మీ నాన్నకి వేస్తుందా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న కూడా నవ్వి, "గోడదే పైచేయి తల్లీ" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ ఇంట్లో లేనప్పుడు నాన్నతో, "బడికి వచ్చేటప్పుడైనా కాస్త మనిషిలా రా నాన్నా" అన్నాను.

మనిషిలా. ఇప్పుడు ఒక్కో మాటకి ఎన్ని అర్థాలుంటాయో వెతికి వెతికి రాసుకుంటున్నాను. ఆ మాటకి మాత్రం, ఎంత తిరగేసినా, ఆ రోజు నేనన్న అర్థం తప్ప ఇంకోటి దొరకడం లేదు.

"అలాగే పంతులమ్మా" అన్నాడు. కోప్పడలేదు.

తర్వాతి నెల మార్కుల పట్టీ మీద సంతకానికి పెద్దవాళ్ళని రమ్మన్నారు. నేను మేడమీది కిటికీలోంచి చూస్తున్నాను. నాన్న సైకిళ్ళ షెడ్డు వెనక్కి వెళ్ళి, పని చొక్కా విప్పి, కవరులోంచి తెల్ల చొక్కా తీసి తొడుక్కున్నాడు. తొందరలో గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. ఎవరిదో స్కూటరు అద్దంలో చూసుకుని, అన్నీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. లోపలికి వచ్చి నా పక్కన కూర్చుని, "ఇప్పుడు ఫర్వాలేదా?" అని మెల్లగా అడిగాడు. నేను తల ఊపాను.

పదో తరగతి అయ్యేదాకా ఎప్పుడు వచ్చినా అదే చొక్కా, అదే షెడ్డు. ఒక్కసారి మెట్లు దిగి వెళ్ళి, "వద్దు నాన్నా, ఎలా ఉన్నావో అలాగే రా" అని ఉండొచ్చు. ఆరే మాటలు. కిటికీ దగ్గరే నిలబడ్డాను. చొక్కా ఇంట్లో కనపడితే అమ్మ ఎందుకని అడుగుతుంది, నేనన్నది చెప్పాల్సి వస్తుంది. అందుకే దాన్ని బ్రష్షుల కింద దాచి, పని దగ్గర కుళాయి కింద తనే ఉతుక్కున్నాడు. నాన్న పోయి ఎనిమిది నెలలైంది. నన్ను కాపాడుతూనే పోయాడు.

పొద్దున అమ్మ బజారుకి వెళ్ళినప్పుడు మూట విప్పాను. చొక్కా గుండీలు తీసి చూస్తే, మూడో గుండీ దగ్గర, పట్టీ లోపలివైపు, పైకి కనపడని చోట నీలం రంగు బొటనవేలి ముద్ర. గీతలతో సహా ఉంది. ఆరని రంగు వేలితోనే గుండీ పెట్టుకున్నట్టున్నాడు. హాజరు ఉంది అన్నయ్యా. లోపల ఉంది.

ఇంతవరకు రాసి అమ్మకి చదివి వినిపించాను. నీకు రాసేవన్నీ వినిపిస్తాను కదా, దీన్నొక్కదాన్ని ఎలా దాచను? 'మనిషిలా' దగ్గర ఆగి కాగితం దించాను. "చదువు" అంది. చదివాను. అయ్యాక లేచి, చొక్కా తీసుకుని కిటికీ వెలుతురులో కాలర్ చూసింది. "కాలర్ ఉతకడం ఆయనకి ఏనాడూ రాలేదు. ఈ నలుపు చూసైనా పోల్చుకోవలసింది నేను" అంది. నన్ను తిడుతుందని కాచుకుని కూర్చున్నాను. తిట్టలేదు. కత్తెర తెచ్చి నా ముందు పెట్టింది.

"అవన్నీ నేను కత్తిరించాను. ఇది నువ్వు కత్తిరించు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కత్తిరించాను. ఒక పక్క వంకర పోయింది. సరిచేయలేదు.

బొంత నీది, కప్పుకునేవాడివి నువ్వు. పరాయి గుడ్డ వద్దన్నావు. అది పరాయిది కాదు, పరాయిదాన్ని చేసింది నేను. ప్రస్తుతానికి పెద్ద టాకాలే వేశాను, దారం కొస లాగితే ముక్క ఊడొచ్చేస్తుంది. నువ్వు సరేనంటే గట్టిగా కుడతాను. వద్దంటే విప్పి నా దగ్గరే ఉంచుకుంటాను, నిన్నేమీ అనుకోను. మిగతా ముక్కలన్నీ మంచివైపు పైకి పెట్టాం. దీన్నొక్కదాన్నే తిరగేశాను, ముద్ర కనపడేలా.

ఆ నీలం ఎవరింటిదో నాకు తెలియదు. రోజూ నాన్న చొక్కా అంచు పట్టుకుని చూపిస్తుంటే, ఆ రెండేళ్ళూ నేను ఒక్కసారీ అడగలేదు. ముద్ర అంచు నుంచి ఒక నీలం పోగు లాగి ఈ కాగితం మడతలో పెట్టాను, విప్పేటప్పుడు జారిపోకుండా చూసుకో. నీ దగ్గరున్న ఉత్తరాల్లో ఆ రంగు ఉందేమో పోల్చి చూసి, ఆ రోజు నాన్న ఎక్కడి నుంచి నా బడికి వచ్చాడో రాయి.

ఇట్లు,
నాన్నని ఆ మాట అన్న
నీ చెల్లెలు