నాన్న చేతిలో కత్తి

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ దీవించి రాస్తున్నది. మేమిద్దరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. ఎంతవరకు క్షేమమో చదివాక నువ్వే చెప్పు. ఫోన్‌లో మాట్లాడొచ్చు కదా అంటావు. మీ నాన్న నా పక్కనుంచి కదలరు, ఈ మాటలు ఆయన చెవిన పడకూడదు. ఇప్పుడే వ్యాయామం చేయించే ఆమె వచ్చి ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్ళింది. వాళ్ళు దిగేలోగా ముగించాలి.

నాన్నకు నీ మీద కోపమెందుకని పోయిన ఉత్తరంలో అడిగావు. "ఆ సముద్రంలో, ఆ ఓడ మీదే ఉండిపో, ఇక్కడ నీతో పనేముంది" అన్నారు కదా. కోపం కాదురా. ఫోన్ పెట్టేసి, "వాడు వేళకు తింటున్నాడా?" అని నన్నే అడిగారు. అన్న మాట మరిచిపోయారేమో అనుకున్నాను. మరవలేదు. అది అనకూడని మాటని తెలియలేదు, అంతే.

తల వెనక రక్తనాళం మూసుకుపోయి చిన్నమెదడు దెబ్బతిన్నప్పుడు, తూలకుండా నడిస్తే చాలు, చేయి వణకకపోతే చాలు అనుకున్నాం. నడక వచ్చింది, చేయి కుదిరింది. మనిషే ఇంకా కుదురుకోలేదు. డాక్టరమ్మను అడిగితే తల బొమ్మ గీసి, వెనకనున్న చిన్న ఉండ నుంచి ముందుకు గీతలు లాగి చూపించారు.

"ఈ దారులు చూశారా అమ్మా? కొన్ని చేతులూ కాళ్ళూ కదిలించే చోటికి పోతాయి. కొన్ని ఆలోచన దగ్గరికి, కోపం పుట్టే చోటికి పోతాయి. గ్లాసు అందుకునేటప్పుడు చేయి అటూ ఇటూ పోకుండా ఇదే సర్దుతుంది. మాటనీ కోపాన్నీ కూడా అలాగే సర్దుతుందని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది."

"కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ రెంటికీ కాపలా ఒకటేనా?" అన్నాను.

ఆమె నవ్వారు. "ఇంచుమించు అంతే. మెల్లగా కుదురుకుంటారు. ఎంతవరకో మాత్రం ఇప్పుడే చెప్పలేం."

నాకు నవ్వు రాలేదు. మీ నాన్నది రోజూ ఎవరో ఒకరి మెడ మీద కత్తి ఆనించే పని.

మన సెలూన్ పద్ధతి నీకు తెలుసు. ఎంత చేయి తిరిగినవాడైనా చాలాకాలం మానేసి వస్తే, బెలూన్ ఊది, నురగ పూసి, పగలకుండా గీసి చూపించాలి. ఆ నియమం పెట్టింది మీ నాన్నే. మొన్న తనే బెలూన్ ఊదుకుని కూర్చున్నారు. నురగ చుక్క మిగలకుండా గీశారు, బెలూన్ చెక్కుచెదరలేదు. "చూశావా? రేపే షట్టరెత్తుతా!" అన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను, పిచ్చిదాన్ని. బెలూన్ ఎదురు మాట్లాడదు కదా.

ఇక నీకు చెప్పకుండా దాచిన సంగతి. ముక్కూమొహం తెలియనివాడి కంటే నేను నయమని, "ముందు నా మెడ వెనక నూగు తీయండి" అంటూ కుర్చీలో కూర్చున్నాను. చేయి ఎంత తేలికగా నడిచిందో! అంతలో బయట ఎవడో ఆపకుండా హారన్ కొట్టాడు. "ఆపరా వెధవా!" అని ఈయన అరిచారు. అరుస్తూనే ఉన్నారు. కత్తి మాత్రం నా మెడ మీదే ఉంది. తీయాలని ఆయనకు తోచలేదు. ఊపిరి బిగబట్టి, "ఏమండీ, కత్తి" అన్నాను.

"ఉంటే ఏం? చేయి వణికిందా?" అన్నారు.

నిజమే, వణకలేదు. గాటు కూడా పడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి మీ నాన్నంటే నాకు భయమేసింది.

కత్తి నా బట్టల అడుగున దాచి, సానకిచ్చానని అబద్ధమాడాను. రోజూ అడుగుతున్నారు. ఇంకోటి కొనుక్కోవడం ఆయనకెంతసేపు?

నువ్వు సెలవుకొస్తున్నావని తెలిశాక కొత్త పట్టు పట్టారు. "మొదటి గడ్డం నా కొడుకుది. వాడికి గీశాకే షట్టరెత్తుతా" అని వీధంతా చెప్పుకుంటున్నారు. ఆయన రమ్మంటే నువ్వు కాదనలేవు. కళ్ళు మూసుకుని మెడ చాపేస్తావు. అందుకే చెబుతున్నాను. ఓడ దిగగానే, ఇంటికి రాకముందే, ఎవరి చేతనైనా సరే, గడ్డం నున్నగా గీయించుకుని రా.

ఆయన నీ చెంప తడిమి చూస్తారు. ఏమంటారో నాకు తెలియదు. ఏమన్నా పడు. ఆ క్షణం నా వైపు మాత్రం చూడకు.

ఇట్లు,
మీ ఇద్దరి మీదా ప్రాణాలు పెట్టుకున్న
అమ్మ