మిషన్‌కు దొరకని మసి

దేవదాస్, అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నాయి, వేడి చేసుకొని తిను. మగ్గం మీద దుప్పటి కప్పాను, తీయకు. నాన్నను నెక్కొండలో చిన్నమ్మ ఇంటికి తీసుకుపోతున్నాను. దగ్గు తగ్గేదాకా ఆయనను ఇక్కడ ఉంచవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

సౌండ్ కోసం, పికప్ కోసం నీ కారు సైలెన్సర్‌లోని ఫిల్టర్ నువ్వే పీకేశావు. రోజూ పొద్దున నాన్న నేసే గది కిటికీ ముందే బండి రేజ్ చేస్తావు. నేను అడిగితే, "నూలు దుమ్ముకు దగ్గుతాండక్కా, నా బండేం జేసింది?" అన్నావు. పొల్యూషన్ సర్టిఫికెట్ తెచ్చి నా మొహం ముందు ఊపావు.

నిన్న ఆ సర్టిఫికెట్ పట్టుకొని చెకింగ్ సెంటర్‌కు పోయాను. అక్కడి ఆయన, "గీ డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ బండ్లు సన్న మసి కక్కుతయి మేడం. దాన్ని ఆపెతందుకే ఫిల్టర్. మా మిషన్ గ్యాస్‌నే సూస్తది, మసిని సూడది" అన్నాడు. నువ్వు మెకానిక్‌వి, ఇది నీకు తెలియనిది కాదు. తెలిసే చేశావు. అదే నాకు మింగుడుపడటం లేదు.

నాన్న చెప్పులు వేసుకొని అరుగు దిగేలోపు రెండుసార్లు కూర్చున్నాడు. అయినా, "వాన్నేమనకు బిడ్డా" అనే అంటున్నాడు.

ఆటో వచ్చింది.
అక్క

ఇంకొక మాట. ఫిల్టర్ తీసేశావని నీ బండి నంబర్‌తో రవాణా ఆఫీసులో కంప్లయింట్ ఇచ్చాను. వాడకట్టులో ఎవరినీ అనుమానించి కొట్లాడకు. కింద రాజశ్రీ అని నా పేరే రాశాను.