ఇద్దరికి పులుసు

యున్‌సో తల్లీ,

ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకు. ఈ బూసాన్ ఊరు మీ అమ్మ చెప్పినట్టే ఉంది. కొండల నిండా ఇళ్లు, కింద ఓడల కూతలు. చేపల బజారులో పులుసు అడిగితే హోటలావిడ, "ఒక్కరికి వండం పెద్దాయనా, ఇద్దరుండాలి" అంది. నేనూ మా ఆవిడా, ఇద్దరమేనన్నాను. రెండు గిన్నెలు పెట్టి, రెండో మనిషి కోసం చాలాసేపు చూసి అడిగింది:

"మీ ఆవిడ ఓడెక్కి జపాన్ వెళ్లిపోయిందా ఏం? పులుసు ఇగిరిపోతోంది!"

మొన్న చలికాలంలో పోయిందని చెప్పాను. ఆమె ఎదురుగా కూర్చుని, "అయితే చేప తల నాది" అంటూ ఆ రెండో గిన్నెలో వడ్డించుకుంది. ఇద్దరం కడుపునిండా తిన్నాం.

మేడ మీద మిరపకాయలు ఎండాయా? బల్ల మీద అమ్మ గిన్నె తీయొద్దని నీతో గొడవపడ్డాను కదా. ఇకనుంచి దాన్లో చంటిదానికి అన్నం పెట్టు.

దానికి నా ముద్దులు.

నాన్న