చీపురు బొమ్మ పలక

కోట వీధి, ఫాల్కెన్‌రైన్

బ్రోడర్సన్ గారికి,

కోట చూడ్డానికొచ్చి మా ఇంట్లో దిగారు, సంతోషం. మీ గది తలుపుకు వేలాడే చీపురు బొమ్మ పలక కనిపించడం లేదు. పొరపాటున మీ సామానులో కలిసిపోయి ఉంటుంది. వెంటనే పంపగలరు.

ఇట్లు,
మీరు దిగిన ఇంటి యజమానురాలు వాల్‌బుర్గా హేఫెలే

తా.క. టవళ్ళన్నీ ఉన్నాయి. అందుకే ఇంత మర్యాదగా రాస్తున్నాను.

*

ఫ్లెన్స్‌బుర్గ్

గౌరవనీయులైన హేఫెలే గారికి,

పొరపాటేమీ కాదండీ! రెండో రోజు పొద్దున తలుపు తీస్తే ఆ పలక వేలాడుతోంది. అతిథికి మీ ఊరి కానుక అనుకుని మురిసిపోయాను. ఇప్పుడది మా వంటింటి గోడ మీద ఉంది. నేనొచ్చిన రోజుల్లో కోట మూసి ఉందన్న బాధ దాంతో తీరిపోయింది.

మీ మేలు మరవని,
డెట్లెఫ్ బ్రోడర్సన్

తా.క. బదులుగా పొగబెట్టిన మా సముద్రపు చేపలు పంపుతున్నాను.

*

బ్రోడర్సన్ గారూ,

కానుకా! అది ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం మెట్లూ, ఇంటి ముందు వీధీ ఊడ్చే వంతు వాళ్ళది. ఊడ్చాక పక్క తలుపుకు తగిలించాలి. ఆ వారం వంతు మీది! ఇప్పుడు పలక లేదు గనక ఎవరి వంతూ కాదు. పై అంతస్తు త్స్విక్ గారు "నా తలుపుకేమన్నా పలక కనిపిస్తోందా అమ్మా?" అంటూ రాలిన ఆకుల మీంచి దర్జాగా దాటుకుపోతున్నాడు.

శనివారం కోటలో మా మనవరాలు రోన్యా పెళ్ళి. పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు తల్లి మా ఇంటికి కాఫీకొస్తోంది. ఆవిడ మనుషుల ముఖాలకన్నా ముందు మెట్లు చూస్తుంది. ఇవి చూసిందంటే మా పిల్ల జన్మంతా మాటలు పడాలి. నాకు ఏడుపొస్తోంది. పలక పంపండి.

ఒళ్ళు మండుతున్న,
వాల్‌బుర్గా హేఫెలే

తా.క. చేపలు అందాయి. మెట్ల నిండా ఆ వాసనే.

*

హేఫెలే గారికి,

క్షమించాలి. పలకకు మా ఆవిడ కొత్త రంగు వేసింది, ఇంకా ఆరలేదు. కోప్పడనంటే ఒక్క మాట: ఈసారికి మీరే ఊడ్చేస్తే పోదా?

తలవంచుకున్న,
డెట్లెఫ్ బ్రోడర్సన్

తా.క. లేదంటే మెట్ల దీపం ఆర్పేయండి.

*

బ్రోడర్సన్ గారూ,

వంతు కాకుండా ఒక్కసారి ఊడిస్తే ఇక ఎప్పుడూ నేనే ఊడవాలి. అందుకే చీపురు ముట్టలేదు. శనివారం ఆవిడ వచ్చింది. మెట్లు చూసి, కోటు విప్పి నా చేతిలో పెట్టి, "చీపురెక్కడ?" అంది. పట్టు గౌనుతోనే పైనుంచి కిందదాకా ఊడ్చింది. త్స్విక్ గారి తలుపు బాది, నాలుగు తిట్టి, ఆయన చేత వీధి కడిగించింది. పెళ్ళికి అందరం ఆలస్యం.

రోన్యాను ఒక్క మాటనలేదు. "పాపం, ఎలాంటి ఇంట్లో పెరిగావే తల్లీ!" అని కావలించుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ ఇంటికి తనలాంటి మనిషి కావాలట. మీరు దిగిన గది వచ్చే నెల నుంచి ఆవిడదే.

ఇట్లు,
మీ వల్ల ఇలా అయిన వాల్‌బుర్గా

తా.క. ఆవిడ కొత్త పలక చేయించి, నా తలుపుకు మేకులతో బిగించింది. మీరు మళ్ళీ కోట చూడ్డానికి ఎప్పుడొస్తున్నారు? మేకులు పీకే పటకారు తెచ్చుకోండి.