ఏడేళ్లు దాటినవారు

చిరంజీవి తమ్ముడికి,
కొత్త తాళాలగుత్తి చేతిలో ఆడిస్తూ అక్క దీవించి రాసేది.

విశ్వవిద్యాలయం రికార్డుల గది నిన్న నాకు అప్పగించారు. సంతోషంతో కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ నేలమాళిగంతా తిరిగి చూశాను. అరలన్నీ ఖాళీ. కాగితాలన్నీ మీ మాస్టార్ల బీరువాల్లో, కిటికీల్లో, కుర్చీ కాళ్ల కింద ఉన్నాయి. నువ్వు పాఠాలు చెప్పే భౌతికశాస్త్ర విభాగంలో తలుపు తీస్తే మార్కుల జాబితాలు మీద పడతాయట. పిల్లల మార్కులు దారినపోయేవాళ్లు చదివేలా ఉండొచ్చా?

అందుకే మొదటి ఉత్తర్వు తయారుచేశాను. ఏది ఎన్నేళ్లు ఉంచాలో, ఏది నాకు పంపాలో, ఏది నన్నడగకుండా చింపకూడదో అన్నీ అందులో ఉన్నాయి. దీనికి జతచేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు మీ నోటీసు బోర్డుకు అంటించు. నువ్వు పక్క భవనంలోనే ఉన్నావని తెలుసు. కానీ నోటిమాటలు నీటిమూటలు. ఇకనుంచి మనిద్దరి మధ్యా అంతా కాగితం మీదే.

ఇట్లు,
నీ అక్క, రికార్డుల అధికారి

తా.క.: నీ కంప్యూటర్లో ‘ఫైనల్’, ‘అసలు ఫైనల్’, ‘ఇదే ఫైనల్’ అని మూడు ఫైళ్లున్నాయట. ఒకటి ఉంచి తేదీ వెయ్యి. ఏది ఉంచాలో నీకే తెలియకపోతే ఆ దేవుడికి కూడా తెలియదు.

*

పూజ్యురాలైన అక్కకు,
తమ్ముడు నమస్కరించి, కాస్త గర్వంగా రాసేది.

నీ పని అయిపోయింది. చిన్న సంగతి ఒకటి. దారిలో నా చేతిలోని టీ నీ ఉత్తర్వు మీద ఒలికింది. మళ్లీ అడిగితే తిడతావని, అసలు విషయం నా చేత్తో రెండు వాక్యాల్లో రాసి, కింద నీ హోదా వేసి అంటించాను.

ఒక్క నోటీసుకు ఇంత స్పందన నేనెప్పుడూ చూడలేదు. హెడ్ గారు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. ఎలక్ట్రానిక్స్ మేడమ్ “ఇన్నేళ్ల చాకిరీకి ఇదా ఫలితం?” అంది. పాత కాగితాల మీద వీళ్లకింత మమకారమని నాకు తెలియదు. ధైర్యం చెబుదామని, “పాత సరుకంతా కదిలితేనేగా గదులకు గాలి ఆడేది” అన్నాను.

ఇట్లు,
నీ మాట జవదాటని తమ్ముడు

తా.క.: “పంపించేశాక ఏమవుతుంది బాబూ?” అని హెడ్ గారు మెల్లగా అడిగారు. “కంగారేం లేదు సార్. కొన్నాళ్లు మా అక్క కింద గదిలో ఉంచుతుంది. ఆ తర్వాత ఉంచాలో వద్దో కమిటీ తేలుస్తుంది” అన్నాను. ఆయన గోడ పట్టుకుని కూర్చున్నారు.

*

చిరంజీవి తమ్ముడికి,
పొంగిపోతూ అక్క దీవించి రాసేది.

టీ సంగతి తర్వాత తేలుస్తాను. ముందు మంచి మాట. రికార్డుల కోసం కళ్లద్దాలు తుడుచుకునే హెడ్ ఈ విశ్వవిద్యాలయంలో ఒక్కరైనా ఉన్నారు, నాకది చాలు. ఆయన ఈ పొద్దున నాకు ఫోన్ కూడా చేశారు.

“గది ఎలా ఉంటుందమ్మా?” అన్నారు.

“చల్లగా, పొడిగా ఉంటుంది సార్.”

“కిటికీ?”

“ఉండదు. ఎండ మంచిది కాదు.”

“ఎవరైనా చూడాలనుకుంటే రావొచ్చా?” అని అడిగారు.

“ముందుగా రాసి అడగాలి సార్. నా ఎదుటే చూడాలి. అరగంట ఇస్తాను” అన్నాను.

ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అందరూ ఇలా ఉంటే నాకింక కావలసిందేముంది?

ఇట్లు,
నీ అక్క

తా.క.: “మరి భోజనం?” అని కూడా అడిగారు. “ఆ గదిలో తినడం నిషేధం సార్, చీమలు పడతాయి” అన్నాను. ఎంత బాధ్యత గల మనిషో.

*

అక్కకు,
తమ్ముడు రెండు కాళ్లూ పట్టుకుని రాసేది.

కొంప మునిగింది. రెండ్రోజులుగా నేను గదిలోకి వస్తుంటే హెడ్ గారు లేచి నిలబడుతున్నారు. నన్ను ‘మీరు’ అంటున్నారు. ఎలక్ట్రానిక్స్ మేడమ్ బయట ఉద్యోగాలు వెతుకుతోంది. శనివారం హెడ్ గారికి వీడ్కోలు సభట. ఎందుకని అడిగితే, మేడమ్ నా చొక్కా పట్టుకుని నోటీసు బోర్డు దగ్గరికి లాక్కెళ్లింది.

నువ్వు ‘ఏడేళ్లు దాటినవాటిని నెలాఖరుకల్లా విభాగం నుంచి పంపించివేయాలి’ అన్నావు. నేను ‘ఏడేళ్లు దాటినవారిని’ అని రాశాను. ‘టి’ ఉండాల్సిన చోట ‘రి’. ఉద్యోగంలో చేరి నాకింకా ఏడేళ్లు నిండలేదు కదా, విభాగంలో మిగిలేది నేనొక్కడినే. అక్క కోస్తుంది, తమ్ముడు ఏరుకుంటాడు అనుకుంటున్నారట. రిజిస్ట్రారు ఊళ్లో లేరు కాబట్టి గాని, లేకపోతే ఈపాటికి నీ మీద ఫిర్యాదు వెళ్లేది. ఆ నోటీసు చింపి పారేయనా?

ఇట్లు,
ఏడుపు ఆపుకుంటున్న తమ్ముడు

తా.క.: సభలో నన్ను మాట్లాడమన్నారు. ‘ఆయన లేని లోటు తీరనిది’ అని ముందే రాసి పెట్టుకున్నాను. ‘ఇదే ఫైనల్ 2’లో ఉంది.

*

తమ్ముడికి,
దీవెనలు వాయిదా వేసి అక్క రాసేది.

చింపావో, చూసుకో. తప్పు కాగితం కూడా రికార్డే. దాన్ని అలాగే ఉంచి, నేను పంపుతున్న సవరణను పక్కనే అంటించు. దీన్ని ముట్టుకునే ముందు చేతులు కడుక్కో, టీ కప్పు ఇంకో గదిలో పెట్టు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, క్షమించమని అడిగి, చదివినట్టు సంతకం తీసుకో. హెడ్ గారితో మొదలుపెట్టు. పెద్దాయన ఎంత కుమిలిపోతున్నారో.

ఇట్లు,
రికార్డుల అధికారి

తా.క.: తిట్లు రాతలో పెట్టకూడదు. సాయంత్రం ఇంటికి రా, నోటితో ఇస్తాను.

*

అక్కకు,
చెవులు ఇంకా మోగుతున్న తమ్ముడు రాసేది.

అందరూ సంతకాలు పెట్టారు. ఎలక్ట్రానిక్స్ మేడమ్ కూడా పెట్టింది గాని, ఈలోగా ఆవిడకు బయట ఒక కళాశాలలో ఇంతకంటే మంచి ఉద్యోగం దొరికిందట. “నీ చేతిరాత చల్లగుండ” అని దీవించింది.

హెడ్ గారు మాత్రం కనబడటం లేదు. గది తెరిచే ఉంది. బీరువాలు ఖాళీ. బల్ల మీద దుమ్ము కూడా లేదు, తాళాలు మాత్రం ఉన్నాయి. ఇంటికి పరిగెత్తాను. ఇంటికీ తాళమే. పక్కింటాయన, భార్యాభర్తలిద్దరూ వేర్వేరు దిక్కులకు వెళ్లారన్నాడు. ఆయనకేమైనా అయితే నన్ను నేను క్షమించుకోలేను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: టీ మానేశాను.

*

చిరంజీవి తమ్ముడికి,
ఊపిరి పీల్చుకోమని చెబుతూ అక్క రాసేది.

మీ హెడ్ గారు మధ్యాహ్నం దాకా నా దగ్గరే ఉన్నారు. పొద్దున్నే రెండు తోపుడుబళ్ల నిండా కాగితాలు తీసుకొచ్చారు. వెళ్లిపోతున్నానని ఆయన బీరువాలన్నీ ఖాళీ చేసి, ఏ ఏడాదివి ఆ ఏడాది కట్టలు కట్టి, చీటీలు కూడా అంటించారు. ఇంత చక్కని కట్టలు నేను చూడలేదు. ముందు జరిగిందంతా చెప్పి, క్షమించమని, సవరణ చేతిలో పెట్టాను. సంతోషిస్తారనుకుంటే ఆయన మొహం వాడిపోయింది.

“ఇది ఇంకొన్నాళ్లు తప్పుగానే ఉంటే నీకేమైనా ఇబ్బందా అమ్మా?” అన్నారు.

“ఎందుకు సార్?”

“ఉద్యోగం పోయిందంటే మా ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, అటక మీది సూట్‌కేసు దింపింది. పెళ్లయినప్పటి నుంచి సముద్రం చూపిస్తానంటూనే ఉన్నాను. ఇప్పుడు టికెట్ల కోసమే వెళ్లింది. ఉద్యోగం పోలేదని ఆవిడకి ఏ మొహంతో చెప్పను?”

పని మీద ఉన్నాను కాబట్టి నవ్వలేదు. ఇన్నేళ్లలో ఆ మనిషి ఒక్కనాడూ సెలవు వాడుకోలేదట. “సెలవు కాగితం రాస్తే చాలు సార్” అన్నాను. అక్కడే కూర్చుని, తేదీతో, విషయంతో, పొల్లుపోకుండా రాసిచ్చారు. సభ మాత్రం ఆపొద్దన్నారు. ఇన్నేళ్లలో తననెవరూ పొగడలేదట, అదొక్కటీ విని వెళ్తారట.

ఆయన సెలవు నుంచి వచ్చేవరకు విభాగం ఎవరు చూస్తారని రిజిస్ట్రారు ఊరినుంచి రాగానే అడిగారు. మీ సీనియర్లంతా ఒకే కాగితం మీద ‘ఎలాగూ మిగిలేది ఇతనేగా’ అని నిన్ను సూచించి, కింద వరుసగా సంతకాలు పెట్టారు. ఇంత త్వరగా ఏకాభిప్రాయం ఎప్పుడూ కుదరలేదట. ఉత్తర్వు జతచేశాను. రేపటి నుంచే నువ్వు ఇన్‌చార్జి హెడ్‌వి.

ఇట్లు,
మళ్లీ దీవెనలతో, నీ అక్క

తా.క.: ఇప్పుడే హెడ్ గారి భార్య ఫోన్ చేసింది. సామాను సర్దుతూ ఆయన, చొక్కాలు ఎన్నేళ్లు ఉంచుకోవచ్చో నన్నడిగి కనుక్కోమన్నారట. అది మా పరిధిలోకి రాదన్నాను. తన పరిధిలోకి వస్తుందని చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేసింది.