దేవి తెలుపులో తండ్రి వాటా

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు, కోటబొమ్మాళి దగ్గర దాలయ్యపేట నివాసి ఈశ్వరి వ్రాసుకున్న నాలుగవ అర్జీ.

అయ్యా,

విషయం: ఆరేళ్ల నా కుమార్తె దేవి తెల్లగా పుట్టుటలో తండ్రికి కూడా సగం వాటా కలదని ముద్ర వేసి కాగితం ఇప్పించుట గురించి.

1. నా కుమార్తెకు పుట్టుక నుండి ఒళ్లు, జుట్టు, కనురెప్పలు సమస్తం తెలుపు. ఎండలో కళ్లు తెరవడం దానివల్ల కాదు. నా భర్త మురళీమోహన్ గారు, నేను ఇద్దరమూ నలుపు. "నానూ నలుపే, నువ్వూ నలుపే. ఈ తెల్లపిల్ల ఎలగొచ్చినాదే?" అని అడిగి, పిల్ల తనది కాదని చెప్పి, రెండేళ్ల క్రితం మమ్మల్ని పుట్టింట దింపి వెళ్లినారు. రక్తపరీక్షకు రమ్మంటే రారు.

2. శ్రీకాకుళంలో చర్మం డాక్టరమ్మ గారు బొమ్మ గీసి చెప్పినారు. రంగు తయారుచేసే కణాలు దేవికీ ఉన్నాయట, రంగు మాత్రం తయారవదట. అందుకు కావలసిన జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తుంది. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది కనుక మేమిద్దరం నల్లగా ఉన్నాము. దేవికి రెండూ చెడినవే వచ్చినవి. కడుపుతో ఉండగా గ్రహణం చూశానని ఊళ్లోవాళ్లు అంటారు, నేను ఆరోజు గడప దాటలేదు.

3. నా భర్త నా మేనత్త సుభద్రమ్మ కొడుకే. మా తాతగారి నుండో నాయనమ్మ నుండో అదే చెడిన జన్యువు ఇద్దరికీ వచ్చి ఉండవచ్చునని డాక్టరమ్మ గారు అన్నారు. అత్త మాత్రం, "మా ఇంట ఇలాటి బిడ్డ పుట్నేదు. ఇది మీ వంశం దోషమే" అంటుంది. ఆ వంశంలోనే తానూ పుట్టిన సంగతి ఆమెకు ఎవరు చెప్పగలరు?

4. నేను పరాయివాడికి కని ఉంటే పిల్ల నల్లగా పుట్టడానికే ఎక్కువ అవకాశం ఉండేది. దాని తెలుపే నా సాక్ష్యం అయ్యా! ఇదే నా భర్తకు చెప్తే, "సదువుకున్నదాన్నాగ మాటాడకు" అన్నారు. తమ ముద్ర ఉంటే వింటారని ఆశ. ఆశ కూడా కాదు, ఇంకేమీ తోచక.

5. మొదటి అర్జీకి బొల్లిమచ్చలకు పూసే మందు ఇచ్చి, సమస్య పరిష్కరించబడినదని ఫోనుకు సందేశం పంపినారు. రెండోదానికి కుష్ఠు పరీక్ష చేసినారు. మూడోది కుటుంబ తగాదా అని తిప్పి పంపినారు.

కావున తమరు దయతో ఈ నాలుగవదాన్నయినా పూర్తిగా చదివి, ఆ సగం మాట వ్రాయించి ఇప్పించవలసినదిగా ప్రార్థిస్తున్నాను.

తమ విధేయురాలు,
ఈశ్వరి

మనవి: అర్జీ మడిచాక ఇది వ్రాస్తున్నాను. ఈ ఉదయం ఆయన విడాకుల కాగితం మీద నా సంతకం కోసం వచ్చారు. బండి చప్పుడుకే తండ్రిని పోల్చుకునే పిల్ల, గుమ్మంలో నిలబడి, ముక్కూ మొహం తెలియని మనిషితో చెప్పినట్టు, "మాయమ్మ ఇంటికాడ నేదు బాబూ" అంది. నేను లోపలే ఉన్నాను. ఆయన వెళ్లిపోయారు. ఇక ఆయనకు చూపించే కాగితం నాకొద్దు. పిల్ల పేరున ఇప్పించండి, తన తప్పేమీ లేదని. దానికి చూపు తక్కువ, అక్షరాలు పెద్దవిగా వేయించండి.