దుప్పటి రెండో కొస

మార్చి 4

గువ్వా, ఇవాళ మళ్లీ దుప్పటి నేల మీద పడింది.

మడతల బల్ల దగ్గర రెండు కొసలు పట్టుకుని, మిగతా రెండూ నీ వైపు విసిరాను. నువ్వు జ్వరంతో పోయి రెండు నెలలైందని నాకు తెలుసు. నా చేతికే తెలియదు. లాండ్రీలో ఎప్పుడూ తడి నేలే కదా, ఉతికిన దుప్పటి మళ్లీ మిషన్‌లోకి వెళ్లింది. ఇలాగైతే మాసిన గుడ్డలు ఏరే గదికి పంపాల్సి వస్తుందమ్మా అన్నాడు సూపర్‌వైజర్. ఆ బల్ల వదిలి ఎలా వెళ్లను? మనం తల్లీబిడ్డలం ఎదురెదురుగా నిలబడి మడతలు పెట్టిన చోటు అది.

మార్చి 5

ఇవాళ రెండుసార్లు పడింది.

మార్చి 9, సాయంత్రం

మతి తప్పుతోందేమోనని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నవ్వలేదు. ఏళ్ల తరబడి చేసిన పనిని చెయ్యి తనంతట తానే మొదలుపెడుతుందట. ఆగమని చెప్పే బ్రేక్ ఒకటి మెదడులో ఉందట. నిద్ర లేకపోయినా, దిగులు పడినా అది జారుతుందట. విసిరే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టమంది.

మార్చి 16

చెయ్యి ఆగింది.

లేచింది, సగం దూరం వెళ్లింది, ఆగింది. దుప్పటి నడిమిని గడ్డం కింద నొక్కిపట్టి ఒక్కదాన్నే మడిచాను. ఇస్త్రీ చేసే ఆవిడ చప్పట్లు కొట్టి, హమ్మయ్య, మా వదిన పుణ్యమా అని దుప్పట్లకి రెండో స్నానం తప్పింది అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నోరు పడిపోను!

నువ్వు అవతల చేతులు చాచి నిలబడితే, నేనే ఇవ్వనన్నట్టుంది. కన్నతల్లిని, ఎలా ఆపగలిగాను?

మార్చి 18

ఒక్కటీ పడలేదు. సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి కూర్చుంటే ముద్ద దిగలేదు.

మార్చి 20

ఆ బ్రేక్ తీసెయ్యమని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అలవాటు ఎక్కడికీ పోదమ్మా, లోపల అలాగే ఉంటుంది, బ్రేక్ దాన్ని పట్టి ఉంచుతుందంతే అంది. అయితే నేను లోపల విసురుతూనే ఉన్నానా అన్నాను. విసురుతూనే ఉన్నావంది. బిడ్డ కోసం ఏడిస్తే తప్పులేదు గానీ, తిండి మానేస్తే నీతో మాట్లాడనని కోప్పడింది కూడా.

మార్చి 22

సెలవు. ఇంట్లో నేల పొడిగా తుడిచాను. మన దుప్పటి తీసి రెండు కొసలు పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టలేదు.

విసిరాను.

పడనిచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు.

నేను రెండు ముద్దలు తిన్నాను. నువ్వూ కడుపునిండా తిను.